బూజు విషమునకు పెరుగు తోడు విరుగుడగునా?

భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2018వ సంవత్సరమున దేశమందలి 1,103 పట్టణములనుండి 6,432 పాల నమూనాలను సేకరించి, పరీక్ష చేయించి, వాటి ఫలితములను 2019 అక్టోబరులో ప్రకటించినపుడు, యూరియా కలిపిరో డిటర్జెంటు కలిపిరో యని చిరకాలముగా శంకించుచు వచ్చిన ప్రజలకు ఒక విశేషము తెలియవచ్చినది. ఆరోగ్యమునకు ముప్పు తెచ్చునంతటి కల్తీ పండ్రెండు నమూనాలలో మాత్రమే బయటపడగా, అంతవరకు సామాన్యజనులు పేరైనను విని యెరుగని వేరొక దోషము 368 నమూనాలలో, అనగా నూటికి 5.7 వంతులలో, చట్టము విధించిన హద్దును మీరి కనిపించినది. తమిళనాడు, ఢిల్లీ, కేరళ ఈ విషయమున ముందు నిలిచినవి. పచ్చిపాలలో కంటె శుద్ధిచేసి సంచులలో పోసి అమ్ము పాలలోనే ఈ దోషము హెచ్చుగా నుండుట మరియొక వింత. ఆ దోషము పేరు అఫ్లటాక్సిన్ ఎం1. దీనిని పాలలో నెవ్వరును కలుపలేదు. బూజుపట్టిన దాణాతో పశువు కడుపున ప్రవేశించి, దాని కాలేయమున కొంత రూపము మార్చుకొని, పొదుగులోనికి దిగి, పాలతోపాటు మన యింటికి వచ్చు విషమిది.

పాలలో నున్నది పెరుగులోనికిని మజ్జిగలోనికిని రాక మానదు. అన్నము చివర పెరుగో చల్లయో లేక భోజనము ముగిసినట్లు తలంపని తెలుగువారికి ఇది చిన్న విషయము కాదు. పాలను పెరుగుగా మార్చు సూక్ష్మజీవులలోనే కొన్ని ఈ విషమును పట్టి బంధింపగలవనియు, వాటిని ఎంచి తోడుగా వేసినచో పెరుగు విషరహితము గాకున్నను అల్పవిషమగుననియు శాస్త్రజ్ఞులు కొంతకాలముగా చెప్పుచున్నారు. ఆ మాట యెంతవరకు నిజమో, ఆ నిజమును మనము ఏ హద్దులో నుంచుకొనవలెనో విచారించుట ఈ వ్యాసమునకు ప్రయోజనము.

విషపు చరిత్ర కొంచెము తెలిసికొనక తప్పదు. 1960లో ఇంగ్లండునందు లక్షకు పైబడిన టర్కీ కోళ్లు కొలది నెలలలో, కారణమేమో ఎవరికిని అంతుపట్టకుండ, మరణించినవి. విచారించి చూడగా, వాటికి పెట్టిన దాణాలో బ్రెజిలు దేశమునుండి తెప్పించిన వేరుశనగ పిండి యుండెననియు, ఆ పిండికి ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అను బూజు పట్టి యుండెననియు, ఆ బూజు పుట్టించిన విషమే కోళ్ల కాలేయములను పాడుచేసెననియు తేలినది. మూడేండ్లు గడచునప్పటికి మరియొక సంగతి బయటపడినది: అట్టి పిండి తిన్న ఆవుల పాలను బాతుపిల్లలకు త్రాగించి చూడగా, ఆ పిల్లల కాలేయములందును అదే వికారము కనిపించెను. అనగా ఆవు తాను బ్రతికి, పాలిచ్చుచు, చూపునకు ఆరోగ్యముగానే యుండి, తాను తిన్న విషములో కొంత భాగమును తన పాలు త్రాగువారికి పంచిపెట్టుచున్నదన్నమాట.

మన దేశమునకు ఈ పాఠము మరింత క్రూరముగా బోధపడినది. 1974లో రాజస్థానమందలి బాన్స్‌వాడా, గుజరాతునందలి పంచమహల్ జిల్లాలలో, అకాల వర్షములకు తడిసి బూజుపట్టిన మొక్కజొన్నను విధిలేక తిన్న పేద గిరిజనులు వందలకొలది కామెర్లతోను, పొట్ట ఉబ్బులతోను మంచము పట్టిరి. నూటికి పైగా మరణించిరి. ఆ యిండ్లలో అదే ధాన్యము తిన్న కుక్కలును చచ్చినవి. ఈ విపత్తునకు అఫ్లటాక్సిన్ కారణమని శోధించి లోకమునకు తెలిపినవారు మన హైదరాబాదు నందలి జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు. ముప్పది సంవత్సరముల తరువాత, 2004లో, కెన్యా దేశమున బూజుపట్టిన మొక్కజొన్నయే 125 మందిని బలిగొన్నది. ఒక్కసారిగా మోతాదు మించినపుడు ప్రాణములు తీయు ఈ పదార్థము, కొంచెము కొంచెముగా సంవత్సరముల తరబడి లోపలికి పోయినచో కాలేయమున క్యాన్సరు పుట్టింపగలదు. కామెర్ల వ్యాధి కలిగించు హెపటైటిస్ బి వైరసు ఒంటిలో నున్నవారికి ఈ ముప్పు సుమారు ముప్పది రెట్లు హెచ్చునని లెక్కించియున్నారు. పాలలోని ఎం1, దాణాలోని దాని మాతృకయైన అఫ్లటాక్సిన్ బి1 అంత ఉగ్రము కాదు. ఐనను అది నిరపాయమని చెప్పుటకు ఏ శాస్త్రజ్ఞుడును సాహసింపడు.

పాలలోనికి వచ్చు విషపు వంతెంతయో ఒక చిన్న లెక్కతో చూపవచ్చును. ఆవు తిన్న బి1లో సాధారణముగా నూటికి ఒకటి రెండు వంతులు, అధికముగా పాలిచ్చు ఆవులలో ఆరు వంతుల వరకును ఎం1గా మారి పాలలో చేరును. దినమునకు పది లీటర్ల పాలిచ్చు ఆవు రెండు కిలోల వేరుశనగ చెక్క తినుననియు, ఆ చెక్క కిలోకు 200 మైక్రోగ్రాముల విషము కలదనియు అనుకొందము. లోపలికి పోయినది 400 మైక్రోగ్రాములు, నూటికి రెండు వంతుల చొప్పున పాలలోనికి వచ్చినది 8, లీటరునకు 0.8. మన చట్టము అనుమతించునది 0.5 మాత్రమే. అదే చెక్కలో భారతీయ ప్రమాణముల సంస్థ పశుదాణాకు విధించిన 20 మైక్రోగ్రాముల హద్దు పాటింపబడినచో, పాలలోనికి లీటరునకు 0.08 కంటె మించి రాదు. ఇది మన హద్దునకు ఎంతో లోబడియే యుండును గాని, ఐరోపా దేశములు తమ ప్రజలకు విధించుకొన్న 0.05 అను హద్దును మాత్రము దాటును. శిశువులకిచ్చు పాల విషయమున వారు దానిలోను సగమునకు, 0.025కు, దిగిరి. పసిబిడ్డ కడుపులోనికి పోవు ఆహారమున పాలే ముఖ్యభాగము గనుకను, వాని శరీరము చిన్నది గనుకను, ఈ జాగ్రత్త అతిజాగ్రత్త యనుటకు వీలులేదు. దాణా మార్చినచో మూడు నాలుగు దినములలో పాలు మరల శుభ్రపడుననుట ఈ లెక్కలోని శుభవార్త. ఈ శుభవార్తను నేను మరల ప్రస్తావింపవలసి వచ్చును.

ఇంతకును ఆ బూజు చెక్క పశువు ముందునకు వచ్చుట యెట్లు? ఈ ప్రశ్న యొద్ద కొంత నిలువవలసి యున్నది. రాయలసీమలో వేరుశనగ ఊడలు దిగి కాయ గట్టిపడు సమయమున వాన ముఖము చాటేసినచో, ఎండకు బీటలువారిన నేలలో, పగిలిన కాయలోనికి బూజు ప్రవేశించును. పంట పీకిన పిదప కాయ చక్కగా ఎండకముందే కుప్ప వేసినను, తడిసిన గోనెలలో నిలువచేసినను అది విజృంభించును. వ్యాపారి ఆ కాయలను ఒలిపించి, పప్పును ఏరించి, నిగనిగలాడు గింజలను ఎగుమతికిని, మిఠాయి దుకాణములకును పంపును. ముడుతలు పడినవి, రంగు మారినవి, బూజు వాసన వచ్చునవి, మనుష్యులు తినుటకు పనికిరానివని త్రోసివేసినవి గానుగకో నూనె మిల్లుకో చేరును. నూనెలోనికి విషము స్వల్పముగానే పోవును. శుద్ధి చేయుటలో ఆ స్వల్పమును చాలవరకు తొలగును. మిగిలినదంతయు చెక్కలోనే నిలుచును. ఆ చెక్క తవుడులోను, కుడితిలోను కలిసి గేదెల తొట్టిలో పడును. ఎగుమతి సరకునకు గింజగింజకు పరీక్ష జరుగునట్టి దేశముననే, ఆ పరీక్షలో ఓడిన గింజలు ఏమైనవని అడుగువారు లేరు. అవి మన పాలలోనికే వచ్చుచున్నవి. పత్తిగింజల చెక్కకును, మొక్కజొన్నకును ఇంచుమించు ఇదే కథ. ఇది ప్రకృతి చేసిన కీడు కాదు, మన వ్యాపారపద్ధతి చేసిన కీడు. అందుచేతనే దీనిని మాన్పుట సాధ్యమని నేను నమ్ముచున్నాను.

ఒకసారి పాలలో చేరిన తరువాత ఈ విషము మొండిది. పాలను కాచినను, పొంగించినను, పాశ్చరీకరణము చేసినను, శీతలీకరించినను అది చెక్కుచెదరదు. వెన్నకంటె పాలమాంసకృత్తుతో దానికి చెలిమి యెక్కువ. కావున నేతిలో బహుస్వల్పముగను, పాలను విరుగగొట్టి చేయు పనీరులోను జున్ను వంటి చీజులలోను పాలలో కంటె చిక్కగను ఉండును. పెరుగైన పిదప పాలలోని మాంసకృత్తు మొత్తమందే యుండును గనుక, మామూలుగా తోడు వేసిన పెరుగులో విషము పాలలో నున్నంతయే యుండుననుట న్యాయము.

ఇట్టి నిరాశాకర స్థితిలోనే మేలుచేయు సూక్ష్మజీవుల వార్త వచ్చినది. పెరుగునందలి జీవులు మనిషికి హితకరములను భావన క్రొత్తది కాదు. బల్గేరియా దేశస్థుడగు స్టామెన్ గ్రిగొరోవ్ 1905లో తన దేశపు పెరుగునుండి ఒక దండాకార జీవిని గుర్తించెను. పారిస్ నందలి పాశ్చర్ సంస్థలో పనిచేసి, 1908లో నోబెల్ బహుమానము నందిన మెచ్నికోవ్ పండితుడు పుల్లని పాలు దీర్ఘాయువు నిచ్చునని యెలుగెత్తి చాటెను. కాని విషమును పట్టుకొను శక్తి వాటికి కలదని ఆ కాలమున ఎవరును ఊహింపలేదు. ఫిన్లండు దేశమందలి కుయోపియో విశ్వవిద్యాలయమున ఎల్-నెజామి, ఆయన సహచరులు 1998లో ప్రకటించిన పరిశోధనలో, లాక్టోబాసిల్లస్ రామ్నోసస్ అను జీవికి చెందిన రెండు జాతులను అఫ్లటాక్సిన్ బి1 కలిపిన ద్రవములో వేయగా, నిమిషములలోనే నూటికి సుమారు ఎనుబది వంతుల విషము ద్రవమునుండి తొలగిపోయినట్లు కనిపించెను. అంతకంటె ఆశ్చర్యమేమనగా, ఆ జీవులను వేడిచేసి చంపినను, ఆమ్లముతో చంపినను వాటి శక్తి తగ్గలేదు సరికదా, కొంత పెరిగినది కూడ. చచ్చిన జీవి దేనినైనను జీర్ణించుకొని నాశనము చేయజాలదు గదా! కావున ఇక్కడ జరుగుచున్నది విషనాశనము కాదు, విషబంధనము. జీవకణపు పైగోడలోని చక్కెర గొలుసులును, పెప్టిడోగ్లైకాన్ అను గట్టి వల్కలమును విషపు కణములను తమకు అంటించుకొనుచున్నవి. చేలగట్లమీద నడచువాని పంచెకు పల్లేరుకాయలు అంటుకొన్నట్లు అవి అంటుకొనును. పల్లేరుకాయలవలెనే విదిలించినచో కొన్ని రాలును గూడ. ఎందుకనగా ఆ కణములను మరల మరల కడిగినపుడు పట్టుకొన్న విషములో కొంత భాగము విడివడుటను పరిశోధకులు చూచిరి.

విషము నశింపక, బంధింపబడి మాత్రమే యుండుట ఈ విషయమంతటికిని కీలకము. జున్ను చేయువాడు విరిగిన నీటిని పారబోసినట్లు, మనము పెరుగునుండి ఆ జీవులను ఏరి పారవేయము. జీవులతోపాటు అవి పట్టుకొన్న విషమును మన కడుపులోనికే పోవును. కావున అసలు ప్రశ్న పెరుగులో విషము తగ్గినదా యనునది కాదు; కడుపులోనికి పోయిన తరువాత, పేగుల గోడను దాటి రక్తములో చేరకముందే, ఆ జీవులు దానిని విడువక పట్టుకొని మలముతో బయటికి కొనిపోవునా యనునది. ఈ ప్రశ్నకు మనుష్యులపై జరిపిన మంచి ప్రయోగమొకటి కలదు. చైనాలోని గ్వాంగ్‌జౌ నగరమున తొంబదిమంది ఆరోగ్యవంతులైన యువకులను ఎంచి, కొందరికి లాక్టోబాసిల్లస్ రామ్నోససు, ప్రొపియోనిబాక్టీరియము అను జీవులు గల గొట్టపు మాత్రలను దినమునకు రెండు పర్యాయములు, ఐదు వారములపాటు ఇచ్చి, మిగిలినవారికి జీవులు లేని గొట్టపు మాత్రల నిచ్చి, వారి మూత్రమున విషము శరీరకణముల వారసత్వ పదార్థమునకు కలిగించిన గాయపు చిహ్నమును కొలిచిరి. మూడవ వారమున నూటికి 36 వంతులు, ఐదవ వారమున 55 వంతులు ఆ చిహ్నము తగ్గినట్లు 2006లో ప్రకటించిరి. ఇది గొప్ప ఫలితము. పేగులలో బంధనము నిలుచుననుటకు ఇంతకంటె సూటియైన సాక్ష్యము కోరరాదు. ఐనను అది ఆహారధాన్యములనుండి వచ్చు బి1 విషయమున జరిగినదియు, పెరుగుతో గాక ఏర్చి పెంచిన జీవుల మాత్రలతో జరిగినదియు నని మరువరాదు.

పెరుగు దగ్గరకు వచ్చినపుడు లెక్కలు మారును. కుయోపియో ప్రయోగమున మిల్లీలీటరునకు సుమారు రెండువేల కోట్ల జీవులను వాడిరి. పుల్లనై బాగుగా తోడుకొన్న పెరుగులో మిల్లీలీటరునకు పది కోట్లనుండి నూరు కోట్ల వరకు జీవులుండును. అనగా ప్రయోగశాల బలగములో ఇరువదవ వంతో, రెండు వందలవ వంతో! బి1 కంటె ఎం1కు నీటితో పొత్తు హెచ్చు గనుక జీవుల గోడకు అది అంత గట్టిగా అంటదు. పాలలో మాంసకృత్తు తానును ఒక ప్రక్కనుండి దానిని లాగుచుండును. జాతికిని జాతికిని భేదమో, చెప్పనక్కరలేదు; ఒక జాతి పావువంతు పట్టుకొనగా, అదే కుటుంబమునకు చెందిన మరియొక జాతి సగమునకు మించి పట్టుకొనును. రొట్టె పులియబెట్టు ఈస్టును వేడితో చంపి పాలలో కలిపినచో కొన్ని ప్రయోగములలో పెరుగు జీవుల కంటె ఎక్కువ పని చేసినది. మన యిండ్లలో నిన్నటి పెరుగును నేటి పాలలో కలిపి సాగించు తోడులో ఏయే జీవులున్నవో యింటింటికి మారును, ఋతువు ఋతువునకు మారును. అందులో గుండ్రనివి కలవు, దండాకారములు కలవు, ఈస్టులు కలవు. వాటిలో ఏవి ఎంత విషమును పట్టునో, పరీక్షింపక చెప్పుట ఎవరి తరమును కాదు. కావున మా యింటి పెరుగు పుల్లగా నున్నది, విషము పోయి యుండునని ఏ గృహిణియు నమ్మి కూర్చుండరాదు.

ఇక నాకు అత్యంత భయము కలిగించు విషయము. పెరుగులోని విషమును కొలుచునపుడు ప్రయోగశాల దానిని ద్రవములోనికి లాగి కొలుచును. జీవుల గోడకు అంటుకొన్న భాగము ఆ ద్రవములోనికి దిగకపోవచ్చును. అప్పుడు లెక్కలో విషము తగ్గినట్లు కనిపించును గాని, గిన్నెలో తగ్గినది కాదు. పైన చెప్పిన ఆవు పాలనే తీసికొందము: లీటరునకు 0.8 కల పాలు అమ్మరాదు. వాటిని సగము విషము పట్టగల జీవులతో తోడు పెట్టినచో పెరుగు 0.4 చూపి చట్టమును దాటిపోవును. బంధనము పేగులలో నిలిచినచో మేలే. నిలువక, కడుపులోని ఆమ్లమునకును పైత్యరసమునకును కొంత విడివడినచో, అమ్మరాని పాలు అమ్మదగిన పెరుగుగా మారినట్లే గదా! ఈ ఉపాయమును సద్బుద్ధితో కనిపెట్టిన శాస్త్రజ్ఞులను నేను నిందించుట లేదు. కాని మేలుకొరకు పుట్టిన విద్యను లాభముకొరకు వంచుట లోకమెరుగని పని కాదు. అందుచేత పెరుగు, లస్సీ, పనీరు తయారుచేయు పాలను తోడు వేయకముందే పరీక్షింపవలెననియు, హద్దు మీరిన పాలను ఏ జీవితో పులియబెట్టినను ఆహారముగా అమ్మరాదనియు చట్టములో స్పష్టముగా వ్రాయుట అత్యవసరము.

ఇట్లనుట వలన నేను మేలుచేయు జీవుల విద్యను త్రోసిపుచ్చుచున్నానని ఎవరును అనుకొనరాదు. హద్దునకు లోబడిన పాలలోనైనను మిగిలియుండు స్వల్పవిషమును ఇంకను తగ్గించుటకు ఈ విద్య చక్కగా ఉపకరించును. పిల్లలకును, కాలేయవ్యాధిగ్రస్తులకును అట్టి పెరుగు వరమే యగును. ఈ పనికి కావలసిన పరికరములును, పండితులును మన ముంగిటనే యున్నారు. తార్నాక నందు జాతీయ పోషకాహార సంస్థ కలదు. పటాన్‌చెరువు నందలి ఇక్రిశాట్ సంస్థ వేరుశనగ అఫ్లటాక్సిన్ మీద దశాబ్దములుగా కృషి చేసి, తక్కువ ఖర్చుతో విషమును గుర్తించు ఎలీసా పరీక్షను రూపొందించినది. తిరుపతిలోను, కామారెడ్డిలోను పశువైద్య విశ్వవిద్యాలయములకు చెందిన డెయిరీ టెక్నాలజీ కళాశాలలు పనిచేయుచున్నవి. వీరు కలిసి, పల్లెలలో తరతరములుగా సాగుచున్న తోడులను సేకరించి, వాటిలోని జీవులను వేరుచేసి, ఎం1ను పాలలోనే, ఆవు పాలలోను గేదె పాలలోను, ఏది ఎంత పట్టునో, కృత్రిమ జీర్ణరసములలో ఎంత విడుచునో ఓర్పుతో పరిశీలింపవలెను. గేదె పాలలో వెన్నయు, మాంసకృత్తును ఆవు పాలకంటె హెచ్చు గనుక, ఐరోపాలో ఆవు పాలమీద వచ్చిన లెక్కలు మనకు యథాతథముగా చెల్లవు. అన్నిటికంటె ముఖ్యముగా, మనుష్యులపై ప్రయోగము మన జనులలో, మన పెరుగుతో జరుగవలెను. అట్టి ప్రయోగము జరిగి, ఫలితము ప్రకటింపబడువరకు, విషహారి పెరుగు అనియో, కాలేయరక్షక పెరుగు అనియో డబ్బాలమీద వ్రాసి రెట్టింపు ధరకు అమ్ముకొనుటకు ఎవరికిని అనుమతి ఈయరాదు.

ఈ జీవుల సాయము పెరుగు గిన్నె కంటె ముందే కోరదగిన చోటొకటి కలదు. దానిని గూర్చి మనవారు తగినంత మాటలాడుట లేదు. పచ్చిమేతను గాలి చొరకుండ గుంతలో త్రొక్కి పాతరగడ్డిగా నిలువచేయునపుడు, ఇవే ఆమ్లజనక జీవులు గడ్డిని పులియబెట్టి, బూజు తలయెత్తకుండ చేయును. పాతర సరిగా మూయక గాలి చొచ్చినచోటనే బూజు పట్టును. ఆ గుంతకు మంచి జీవుల మందును, గట్టి మూతను సమకూర్చుటకు అగు వ్యయము, పాలలో చేరిన విషమును వెదకి బంధించుటకు అగు వ్యయముతో పోల్చిచూచినచో బహుస్వల్పము. అట్లే బెంటొనైట్ వంటి మట్టిని దాణాలో కలిపినచో పశువు కడుపుననే విషమును కొంత పట్టుకొనును. ఆఫ్రికాలో విషము పుట్టింపని ఆస్పర్జిల్లస్ రకములను పొలములలో చల్లి, విషపు రకములకు చోటులేకుండ చేయు అఫ్లాసేఫ్ అను పద్ధతి రైతులకు అందినది. శత్రువును పొలముననే ఆపుట ఇదియే గదా!

రెండు గేదెలు పెట్టుకొని పాలకేంద్రమునకు పోసి బ్రతుకు పేదరైతు ఇన్ని పరీక్షలు ఎట్లు చేయించుకొనగలడని కొందరు అడుగుదురు. వాస్తవమే. అతడు చెక్క బస్తా అరువునకు తెచ్చుకొనును. ఆ బస్తాలో విషమున్నదో లేదో కంటికి కనిపించునది కాదు. అందుచేతనే ఆ భారమును అతని నెత్తిన పెట్టరాదు. దాణా తయారుచేయు మిల్లు ప్రతి విడత సరకును పరీక్షించి ఫలితమును బస్తామీద ముద్రింపవలెను. పాలు కొను సంఘములు, కంపెనీలు ఊరూరి సేకరణ కేంద్రమునుండి వచ్చు పాలను తఱచుగా ఎం1 కొఱకు పరీక్షించి, హద్దు మీరిన ఊరును గుర్తించి, ఆ రైతులను శిక్షింపక, వారికి శుభ్రమైన దాణా సరఫరా చేయవలెను. దాణా మారిన మూడు నాలుగు దినములలోనే పాలు బాగుపడునని ముందే చెప్పితిని. ఇంత త్వరగా ఫలితమిచ్చు ఆరోగ్యచర్య మరియొకటి దొరకుట దుర్లభము. పంట కోతవేళ కాయను ఎండబెట్టుటకు పట్టాలు, తేమను కొలుచు యంత్రములు గ్రామమునకొకటి చొప్పున సమకూర్చుటయు ప్రభుత్వమునకు దుస్సాధ్యము కాదు.

ఇక పాఠకులకు రెండు మాటలు. ఈ వార్త విని పాలు మానుకొనవలసిన పనిలేదు. నూటికి తొంబదినాలుగు నమూనాలు హద్దునకు లోబడియే యున్నవి, పాలవలన కలుగు మేలు చాల గొప్పది. ఇంట గేదె నుంచుకొన్నవారు బూజు వాసన వచ్చు చెక్కను, నల్లబడిన మొక్కజొన్నను, ముక్కిపోయిన తవుడును, అది ఎంత ప్రియమైనను పశువునకు పెట్టక పారవేయుడు. మనుష్యులకు పనికిరానిది పశువునకు పనికివచ్చునను భ్రమ ఈ విషయమున ప్రమాదకరము. నగరములలో సంచిపాలు కొనువారు, మీ పాల కంపెనీని, మీ ప్రాంతపు ఆహార భద్రతాధికారిని, ఈ నెల పాలలో ఎం1 ఎంత యున్నదో లిఖితముగా అడుగుడు. ఆ సమాధానము ప్రతి మాసము ప్రజలముందు ప్రకటింపబడునట్లు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వములు ఉత్తరువు చేయవలెనని కోరుచున్నాను.